డోర్కాస్ అను వ్యక్తి ఎవరో నాకు తెలియదు

ఆఫీసులో ల్యాండ్‌లైన్ మోగిందంటే ఇప్పుడు అది రిటైరైనవాళ్ల పెన్షన్ గొడవ అయినా అయ్యుండాలి, రాంగ్ నంబరైనా అయ్యుండాలి. సూపరింటెండెంట్ అమరేశ్వరరావు విసుగ్గా రిసీవర్ ఎత్తి, కాసేపు విని, "డోర్కాసా? అలాంటివాళ్లెవరూ మా సెక్షన్లో లేరండీ," అని పెట్టేయబోయాడు. అవతలివాడు పెట్టనివ్వలేదు. అమరేశ్వరరావు ఇంకాస్త విన్నాడు. రిసీవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి, సెక్షన్ అంతటికీ వినబడేలా అడిగాడు.

"నర్మదగారూ, మీకు అలియాస్ ఏమైనా ఉందా?"

సీనియర్ అసిస్టెంట్ నర్మద ఫైలుకు ట్యాగు కడుతోంది. చేతులు ఆగలేదు. "అలియాస్ ఏంది సార్?"

"నర్మద అలియాస్ డోర్కాస్ అంటున్నాడు. ఏదో యాప్‌లో లోను తీసుకుని కట్టలేదట. మామూలుగా అలియాస్‌లు రౌడీషీటర్లకు ఉంటాయి. మన సెక్షన్‌కు కూడా ఒకటి దక్కిందంటే గొప్పే."

సెక్షన్ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. "రాంగ్ నంబర్ సార్, పెట్టేయండి," అంది. ట్యాగు ముడి బిగించబోతే దారం తెగింది.

ఆమె ఆ లోను తీసుకోలేదు. అది నిజం. ఆమె పేరు డోర్కాస్. అదీ నిజమే. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆ పేరు నాంపల్లిలోని ఆ సర్కారు ఆఫీసు గడప దాటి లోపలికి రాలేదు. ఇన్నేళ్లకు వచ్చింది, అప్పు ఎగ్గొట్టినదాని పేరుగా.

డోర్కాస్ పుట్టింది మెదక్ దగ్గర. తండ్రి జయరాజ్ మిషన్ ఆస్పత్రిలో కాంపౌండర్. బాప్తిస్మంలో ఆమెకు పెట్టిన పేరు డోర్కాస్. బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు జయరాజ్‌ను ఒకటే అడిగాడు. "పిల్లకు రేపు హాస్టలు, స్కాలర్‌షిప్పు, నౌకరీ కావాల్నా వద్దా?" కావాలి. అయితే రిజిస్టర్లో ఆ పేరు పనికిరాదు. ఎస్సీ కుటుంబం చర్చికి పోతే చట్టం దృష్టిలో ఎస్సీ కాకుండా పోతుంది, బీసీ-సి అవుతుంది. క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది దానికి చెప్పే కారణం. ఆ కారణం కనిపెట్టినవాళ్లు ఏ చర్చిలోనైనా ఒక్క పెళ్లి సంబంధం మాట్లాడి చూడాల్సింది. హెడ్మాస్టరు తనకు నోటికొచ్చిన నది పేరు రాసుకున్నాడు. పిల్ల నర్మద అయింది.

ఆమె చర్చిలో సగం మంది ఇలాగే బతుకుతున్నారు. దీన్ని మోసం అనేవాళ్లు ఆ పల్లెల్లో చర్చికి పోయినవాళ్ల కోసం బావి నీళ్లలో ఎవరూ వాటా పెంచలేదన్న సంగతి కూడా చెప్పాలి. డోర్కాస్ భర్త సామ్ సుందర్ ఈ విషయంలో అదృష్టవంతుడు. రికార్డుల్లో శ్యామ్‌సుందర్. ఎవరు ఎలా పిలిచినా తిరిగి చూడొచ్చు. ఆమెకు ఆ సౌకర్యం లేదు. రోజూ ఆఫీసు మెట్ల కింద నిలబడి, హ్యాండ్‌బ్యాగులోని చిన్న అద్దం తీసి, దాని మీద అతికించిన స్టిక్కర్ బొట్టును నుదుటికి మార్చుకునేది. సాయంత్రం మళ్లీ నుదుటి నుంచి అద్దానికి. జాగ్రత్తగా వాడితే ఒక్క బొట్టు వారమంతా వస్తుంది. ఆయుధపూజ ప్రసాదం సెక్షన్‌లో అందరికంటే ముందు కళ్లకద్దుకునేది ఆమే. డిసెంబర్లో ఇంట్లో చేసిన కేకును అబిడ్స్ బేకరీ డబ్బాలో పెట్టి తెచ్చి, కొన్నానని చెప్పేది. "ఈసారి కేకు బాగా కుదిరింది, ఏ బేకరీ?" అని అమరేశ్వరరావు ఏటా అడిగేవాడు.

ఇంట్లో మాత్రం తల్లి జిప్పోరా ఉంది. జయరాజ్ పోయాక కూతురి దగ్గరే ఉంటోంది. చెవులు సరిగా వినబడవు. నర్మద అన్న మాట ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు. "అది సర్కారు పెట్టుకున్న పేరు. సర్కారే పిలుచుకోని," అనేది.

ఇంత జాగ్రత్తగా విడదీసి ఉంచిన ఇద్దరినీ ఒకటి చేసింది ఒక ఫ్రిజ్. అప్పట్లో వాళ్లు అబిడ్స్ వెనక సందులో, చర్చి కాంపౌండులో ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లు. ఎండాకాలం. పిల్లల పాలు మధ్యాహ్నానికే విరిగిపోతున్నాయి. వాయిదాల మీద ఫ్రిజ్ కొందామని అబిడ్స్‌లో షాపుకు వెళితే అడ్రస్ ప్రూఫ్ అడిగారు. కరెంటు బిల్లు చర్చి పేరు మీద ఉంది. నర్మద పేరున్న జీతం స్లిప్పు కాక చేతిలో ఉన్నది ఒక్క చర్చి కాగితం: శ్రీమతి డోర్కాస్, భర్త సామ్ సుందర్, మా కాంపౌండులో నివాసం. ఫైనాన్స్ బల్ల దగ్గరి ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"పేరు వేరే ఉంది కదా మేడమ్."

"ఇంట్ల పిలిచే పేరు," అంది.

"ఫికర్ లేదు. అలియాస్ అని కొట్టేస్తా."

కొట్టేశాడు. ఫ్రిజ్ ఇంటికొచ్చింది. వాయిదాలన్నీ తప్పకుండా కట్టింది, ఆ కంపెనీని మరిచిపోయింది. ఆ అలియాస్ మాత్రం ఫైనాన్స్ కంపెనీ నుంచి క్రెడిట్ ఏజెన్సీకి వెళ్లింది. ఊళ్లో ఎవరు ఎవరికి బాకీ, ఎవరు సమయానికి కట్టారు అన్నది పోగేసి, మనిషికి ఇన్ని మార్కులని వేసి బ్యాంకులకు అమ్ముకునే సంస్థ అది. నీ గురించి ఇది రాసుకోవచ్చా అని డోర్కాస్‌ను వాళ్లెప్పుడూ అడగలేదు. ఎవరినీ అడగరు. 

నిరుడు ఆ ఏజెన్సీలోంచి కోట్లమంది వివరాలు బయటికి పోయాయి. పత్రికల్లో రెండు రోజులు వచ్చింది. మూడో రోజు ఆమె ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: మీ నమ్మకమే మా బలం, దయచేసి పాస్‌వర్డ్ మార్చుకోండి.

"పాస్‌వర్డ్ మార్చుకొమ్మంటున్నరు. నాకు ఆళ్లతోని ఖాతా ఎప్పుడుండె?" అని ఆమె భర్తను అడిగింది.

"నీ దగ్గర దోచుకునేటందుకు ఏమున్నదే, ఊకో," అన్నాడు సామ్ సుందర్.

ఉన్నదేమిటో ఇప్పుడు తెలిసింది. బయటికి పోయిన ఆమె ఫైలు ఎవడి చేతికో చిక్కింది. వాడు రెండు పేర్లూ, పాత చర్చి అడ్రసూ, ఆఫీసు నంబరూ యథాతథంగా నింపి యాప్‌లో లోను తీసుకుని మాయమయ్యాడు. వసూలు చేసేవాళ్లు ఆఫీసుకు ఫోన్ చేశారు.

మధ్యాహ్నం అమరేశ్వరరావు ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"నేనేమీ అడగటం లేదండీ. మా నాన్న యాభై ఆరులో బెజవాడ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఎవరింట్లో ఎవర్ని ఏమని పిలుచుకుంటారో మాకు అనవసరం. కానీ మీ ప్రమోషన్ ఫైలు పైకి వెళ్తోంది. ఇలాంటి ఫోను ఇంకొకటొస్తే ఎవడో ఒకడు పిటిషన్ పడేస్తాడు. కులం సర్టిఫికెట్ మళ్లీ వెరిఫికేషన్‌కు పోయిందంటే ప్రమోషన్ మాట అటుంచండి, ఉద్యోగమే ఉండదు. ఆ పేరు మీది కాదని ఏజెన్సీ నుంచి ఒక లెటర్ తెచ్చి నా బల్ల మీద పెట్టండి. ఫైల్లో పెట్టుకుంటాను. అంతే."

ఆయన మంచివాడే. ఏమీ అడగకుండా అంతా అడిగే రకం మంచితనం.

ఏజెన్సీ కస్టమర్ ఆఫీసు గన్‌ఫౌండ్రీలో, ఒక బ్యాంకు పైఅంతస్తులో ఉంది. గాజు తలుపు మీద 'మీ సమాచారం మా దగ్గర భద్రం' అని అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంది. తీసేయాలని ఎవరికీ తోచినట్టు లేదు. కౌంటర్లో భవ్యశ్రీ అనే అమ్మాయి కంప్యూటర్లో ఫైలు తెరిచింది.

"ఈ లోన్ మీరు తీసుకోలేదా మేడమ్?"

"తీసుకోలే."

"ఓకే మేడమ్. కంప్లయింట్ పెట్టొచ్చు. కానీ ఫైల్లో రెండు పేర్లున్నాయి, లోన్ అప్లికేషన్లోనూ రెండూ పడ్డాయి. నర్మద, డోర్కాస్ ఒక్కరేనని అఫిడవిట్ ఇస్తే, ఆ ఒక్కరు లోన్ తీసుకోలేదని మేం ఎంక్వయిరీ మొదలుపెడతాం. నాంపల్లి కోర్టు దగ్గర చేసిస్తారు."

ఇద్దరూ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద. అంటే ఉద్యోగం రద్దు చేయడానికి కావలసిన కాగితం తనే రాసివ్వడం.

"ఆ రెండో పేరు తీసేస్తె అయిపోదా?"

"తీసేయాలంటే ఆ పేరు మీది కాదని అఫిడవిట్ ఇవ్వాలి మేడమ్. అప్పుడు ఆవిడకు వేరే ఫైల్ ఓపెన్ అవుతుంది. లోన్ ఆవిడ ఫైల్లోకి పోతుంది. మీకు క్లియర్ లెటర్ వస్తుంది."

"ఆవిడ ఎవరు?"

"డోర్కాస్, మేడమ్. అడ్రస్ ఉంది. చర్చి కాంపౌండ్, అబిడ్స్. ఆవిడ వేరే మనిషని చర్చి నుంచి లెటర్ ఉంటే ఇంకా తొందరగా అయిపోతుంది."

"నా కాగితాలు పోగొట్టింది మీరు. మళ్ల నేను ఎవరో నేనే తెచ్చి చూపియ్యాల్నా?"

"అది సైబర్ అటాక్ మేడమ్. అందరికీ మెసేజ్ పంపించాం." అమ్మాయి ఒక రంగుల కాగితం ముందుకు జరిపింది. "మా ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకోండి మేడమ్. మీ పేరు ఎవరైనా వాడితే వెంటనే అలర్ట్ వస్తుంది. సంవత్సరానికి ఒక్కసారి కడితే చాలు."

"మీ దగ్గర పోయినదాన్ని కాసుకోనికె మీకే పైసలు కట్టాల్నా?"

భవ్యశ్రీ పైన ఉన్న కెమెరా వైపు చూసి, తల వంచి, కీబోర్డుకు చెబుతున్నట్టుగా అంది: "నా డేటా కూడా అందులోనే పోయింది ఆంటీ. స్టాఫ్‌కు డిస్కౌంట్ కూడా ఇవ్వలే."

ఆ సాయంత్రమే డోర్కాస్ చర్చికి వెళ్లింది. పాస్టర్ హెన్రీ కాంపౌండులోనే ఉంటాడు. ఆయన ఆమె పిల్లలిద్దరికీ బాప్తిస్మమిచ్చినవాడు. విషయమంతా విని, చేతులు జోడించుకుని కూర్చున్నాడు.

"అమ్మా డోర్కాస్, ఇదొక పరీక్షాకాలం. కానీ నువ్వు నువ్వు కాదని చర్చి సీలు వెయ్యమంటే ఎట్లా? అది అబద్ధ సాక్ష్యం. నా మనస్సాక్షి ఒప్పుకోదు. ప్రార్థన చేద్దాం."

"ప్రార్థన ఏజెన్సీల నడవదు అయ్యగారూ. లెటరే కావాల్నంట."

"మనం సత్యం పక్షాన నిలబడితే..."

"అమ్మగారు సర్కారు బడిల ఏ పేరు మీద జీతం తీసుకుంటున్నరో నేనెన్నడన్న అడిగిన్నా?"

పాస్టరమ్మ బెత్సీ అప్పుడే టీ తెచ్చింది. కప్పు బల్ల మీద పెట్టి, వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుంది.

"అది వేరు," అన్నాడు హెన్రీ.

"ఔ అయ్యగారూ, వేరే. అది ఇంకా బయటపడలే."

టీ తాగకుండానే లేచింది. సత్యం పక్షాన నిలబడమనేవాళ్లకు సాధారణంగా నిలబడడానికి సొంత చోటు ఉంటుంది. కిరాయి ఇంట్లో ఉండేవాళ్లకు ఆ సలహా ఖరీదైనది.

ఇంట్లో సామ్ సుందర్ కొట్టిపారేశాడు. "రాసిచ్చి రా. పేతురు అంతటోడే యేసును మూడుసార్లు ఎరుగనన్నడు. నువ్వు ఒక్కసారే గద."

"పేతురు మల్ల ఏడ్చిండు," అంది ఆమె.

"నువ్వు గూడ ఏడువు. ముందుగాల సంతకం పెట్టు. పెద్ద పిల్ల ఫీజు నా ప్రైవేటు నౌకరీతోని వెళ్తదా?"

జిప్పోరా పక్క మంచం మీద కూర్చుని బైబిలు చదువుకుంటోంది. ఏమైందని ఆమె అడగలేదు, వీళ్లు చెప్పలేదు. చెప్పాలంటే అరవాలి. ఇది గోడల అవతలికి వినబడేలా అరిచి చెప్పే సంగతి కాదు.

నాంపల్లి కోర్టు బయట ఫుట్‌పాత్ మీద, గొడుగు కింద ల్యాప్‌టాపు పెట్టుకున్న నోటరీ గుమాస్తా ఆమె చెప్పింది విని టైపు ఆపాడు.

"రివర్స్ చెప్తున్నరేమో చూసుకోండి మేడమ్. నా దగ్గరికి వచ్చేటోళ్లంతా రెండు పేర్లు ఉన్నయి, మనిషిని ఒక్కణ్ణే అని రాయించుకుంటరు. పాస్‌పోర్ట్‌కు, పెన్షన్‌కు, దుబాయ్‌కి. మీరేంది, ఒక్కరుండి ఇద్దరమంటున్నరు."

"ఇద్దరమే."

"ఆ డోర్కాస్ మీకు ఏమైతది?"

"ఏం గాదు."

"ఎప్పుడన్న చూసిన్రా?"

ఆమె రోడ్డు వైపు చూసింది. స్టేషన్ నుంచి దిగినవాళ్లు పెట్టెలు ఈడ్చుకుంటూ పోతున్నారు. "చూడలే."

"చూడని మనిషి గురించి అఫిడవిట్. మంచిగున్నది," అని నవ్వి, టైపు చేశాడు. 'డోర్కాస్ అను వ్యక్తి ఎవరో నాకు తెలియదు. సదరు వ్యక్తితో నాకు ఎట్టి సంబంధము లేదు. పై విషయములు నా మనస్సాక్షిగా సత్యము.' చదివి వినిపించాడు. ఆమె నర్మద అని సంతకం పెట్టింది. అక్షరాలు చక్కగా వచ్చాయి. బడిలో నేర్చుకున్న సంతకం అదొక్కటే.

చర్చి లెటర్ లేకపోయినా ఏజెన్సీ తన పని చేసింది. క్లియర్ లెటర్ ఇంటికొచ్చింది. అమరేశ్వరరావు దాన్ని చదివి, ఫైల్లో గుచ్చి, "హమ్మయ్య, అలియాస్ పోయింది. ఇక మీరు మామూలు మనుషుల్లో పడ్డారు," అన్నాడు. ప్రమోషన్ ఫైలు పైకి పోయింది. ఫోన్‌కు కూడా మెసేజ్ వచ్చింది: నర్మద గారూ, శుభాకాంక్షలు, మీ స్కోరు పెరిగింది. 

అక్కడ, గన్‌ఫౌండ్రీలో, డోర్కాస్ పేరు మీద కొత్త ఫైలు తెరుచుకుంది. పుట్టిన తేదీ లేదు, ఉద్యోగం లేదు. ఒక అడ్రసూ, ఒక మొండి బాకీ. కడుపున పుట్టిన పిల్లకైనా ఇంత తొందరగా కాగితాలు తయారవవు.

ఆదివారం ఆరాధన అయ్యి జనం బయటికి వస్తున్నారు. గేటు దగ్గర మోటారుసైకిల్ ఆపి, హెల్మెట్ తీయకుండానే ఒకతను అందరినీ అడుగుతున్నాడు. పేరు భూపాల్. లోన్ వసూలు ఏజెంటు.

"డోర్కాస్ మేడమ్ ఎవరండీ? గీ కాంపౌండే అడ్రస్."

ఏళ్ల తరబడి పరిచయం ఉన్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అయినా అందరికీ తెలుసు, ఎందుకంటే వాళ్లలో సగం మంది రెండో పేరు మోస్తున్నవాళ్లే. "అట్లాంటోళ్లెవరూ లేరన్నా." "కొత్తగ వింటున్నం." చివరికి భూపాల్ పాస్టర్ హెన్రీ దగ్గరికి వచ్చాడు. హెన్రీ తెల్ల అంగీలో ఉన్నాడు. ఆయన గొంతు తడబడలేదు.

"ఆ పేరుగలవాళ్లు మా సంఘంలో లేరు బాబూ."

మాట బయటికి వచ్చేసింది. కాగితం మీద కాదు కాబట్టి మనస్సాక్షికి సీలు అక్కరలేదు. డోర్కాస్ ఆయనకు దగ్గరలోనే, నోటీసు బోర్డు ముందు నిలబడి ఉంది. సామ్ సుందర్ ఆటో కోసం రోడ్డు మీదికి పోయాడు.

అప్పుడే చర్చి మెట్ల మీది నుంచి జిప్పోరా పిలిచింది. చెవులు వినబడనివాళ్లు పిలిచినట్టుగా, గట్టిగా.

"ఓ డోర్కాసూ. నా అద్దాలు నీ బ్యాగుల ఉన్నయా?"

 భూపాల్ తిరిగి చూశాడు. ఎవరు పలుకుతారోనని ఒక్కొక్కరినీ చూశాడు. డోర్కాస్ కూడా అందరిలాగే తల తిప్పి, ఆ పిలుపు ఎవరికోసమో అన్నట్టు ఇటూ అటూ చూసింది. తర్వాత మళ్లీ నోటీసు బోర్డు వైపు తిరిగింది. అందులో ఆదివారం పూలు ఎవరు తేవాలో రాసి ఉంది.

"డోర్కాసూ, నిన్నే."

భూపాల్ మెట్ల దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, డోర్కాస్ ఎవరు? మీ బిడ్డనా?" అని గట్టిగా అడిగాడు.

జిప్పోరాకు కళ్లద్దాలు చదువుకోవడానికే. దూరం బాగా కనబడుతుంది. హెల్మెట్ మనిషి కనబడ్డాడు. అతని చేతిలో ఫోను. పక్కనే తల వంచుకున్న అయ్యగారు. అందరూ అటు చూస్తుంటే తను మాత్రం చూడని కూతురి వీపు. ఇంట్లో కొద్దిరోజులుగా తన వెనక జరుగుతున్న గుసగుసలకు అర్థం అప్పుడు దొరికినట్టుంది.

"నా బిడ్డే," అంది. "ఉండె. ఇప్పుడు లేదు."

భూపాల్ హెల్మెట్ తీశాడు. "అయ్యో. ఎప్పుడమ్మా?"

"ఈ మధ్యనే."

"మరి ఇప్పుడే పిలిచిన్రు గద?"

"అలవాటు గద బిడ్డా."

అతను హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు. తర్వాత, మొహమాటపడుతూనే, పని సంగతి చెప్పాడు. "తప్పుగ అనుకోకమ్మా. డెత్ సర్టిఫికెట్ ఒకటుంటే ఫైల్ క్లోజ్ చేపిస్త. లేకుంటే నన్నే పంపిస్తనే ఉంటరు. చర్చి వాళ్లు సమాధి చేసినట్టు లెటర్ ఇచ్చినా జర నడుస్తది." హెన్రీ వైపు చూశాడు. "ఇస్తరా సార్?"

హెన్రీ తన అంగీ చేతులు సవరించుకున్నాడు. బెత్సీ ఆయన పక్కనే ఉంది. ఆమె ఆయన్నే చూస్తోంది.

"రేపు ఆఫీసు ఉండదు," అన్నాడు. "ఎల్లుండి రా బాబూ."

ఎల్లుండి భూపాల్ వచ్చాడు. చర్చి సీలున్న లెటర్ తీసుకుని పోయాడు. సంఘం పట్టీలో ఒక పేరు మీద గీత పడింది. లెటర్ ఇచ్చాక గీత లేకపోతే ప్రమాదమని హెన్రీ సామ్ సుందర్‌కు ఫోన్ చేసి చెప్పాడు, ప్రార్థనలో తలుచుకుంటున్నానని కూడా చెప్పాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి తల్లీకూతుళ్లు ఆటోలో ఇంటికి బయలుదేరారు. నాంపల్లి స్టేషన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూతురు బ్యాగు తెరిచింది. కళ్లజోడు అద్దం పక్కనే ఉంది. అద్దం మీది బొట్టు ఊడి కళ్లజోడుకు అతుక్కుంది. గోటితో గీకి తీసి, కళ్లజోడు తల్లి చేతిలో పెట్టింది.

"అమ్మా, గట్ల ఎందుకన్నవే?"

జిప్పోరాకు వినబడిందో లేదో తెలియదు. కళ్లజోడు చీర కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది.

ఇప్పుడు ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. జిప్పోరాకు నీళ్లు కావాలంటే గ్లాసుతో మంచం పట్టీ మీద కొడుతుంది.